వాన ఆగే వరకు మాత్ర ఆగదు

చక్కెర వ్యాధికి మందులు వాడేవారు ఈ వ్యాసాలు చదివేవారిలో చాలామంది ఉంటారు. మీకు ఆ వ్యాధి లేకపోయినా మీ ఇంటి పెద్దలలో ఒకరికైనా ఉండి ఉంటుంది. వారందరికీ ‘ఉదయం ఆహారానికి ముందు ఒక మాత్ర’ అనే వాక్యం కంఠస్థమే. ఆ వాక్యంలో మాత్ర ఒకటి, ఆహారం ఒకటి, రెండు విషయాలున్నాయి. మనవారు మొదటిదాన్ని గడియారం చూసుకొని మరీ పాటిస్తారు. రెండవదాన్ని మాత్రం అవసరాన్ని బట్టి ముందుకో వెనుకకో జరుపుతారు. ఇంట్లో ఉన్నంత కాలం ఆ జరుపుడు అరగంటకు మించదు కనుక హాని కనిపించదు. ఇల్లు విడిచి బయలుదేరిన రోజున, అందులోనూ వాతావరణం మన చేతిలో లేని రోజున, ఆ అరగంట నాలుగు గంటలు కావచ్చు. అటువంటి ఒక రోజును గురించి, ఆ రోజు మా మిత్రుని శరీరంలో జరిగినదాన్ని గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను.

మా నివాసం విశాఖపట్నంలో రుషికొండ ప్రాంతం. ఉద్యోగ విరమణ చేసిన కొందరం ఉదయం వేళ సముద్రతీరాన నడుస్తాము. మాలో ఒకరు ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు, ఒకరు కళాశాలలో తెలుగు బోధించినవారు. రుషికొండ, జోడుగుళ్ళపాలెం, మంగమారిపేట తీరాలలో మత్స్యకారులు వలలు లాగుతుంటే నిలబడి చూడడం మాకు నిత్యకృత్యం. చూడగా చూడగా మాకు కూడా గాలం వేయాలనే సరదా పుట్టింది.

శరదృతువు చివరి రోజులు మా తీరానికి తుఫానుల కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వేళ బంగాళాఖాతంలో అల్పపీడనాలు, వాయుగుండాలు ఏర్పడుతుంటాయి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్దనే తీరాన్ని దాటింది. ఆ దినాన్ని చూసినవారికి ‘ఓడరేవులో మూడవ నంబరు ప్రమాద సూచిక’ అనే మాట వినగానే గుండె ఒక్కసారి ఆగి కదులుతుంది. కొన్నేళ్ళ క్రిందట ఆశ్వయుజ మాసం చివరి వారంలో అటువంటి సూచికనే ఎగురవేశారు. మత్స్యకారులు తమ పడవలను ఇసుక పైకి లాగి కట్టివేశారు. సముద్రం మీదకు ఎవరూ వెళ్ళలేదు.

మా ఉక్కు కర్మాగారం మిత్రునికి మాత్రం తొందర ఉన్నది. దీపావళి దాటితే కార్తీక మాసం. కార్తీకంలో వారింట చేపల కూర పొయ్యి మీదకు ఎక్కదు. ఈ వారం తప్పితే మరి నెల రోజులు ఆగాలి. “సముద్రం కాకపోతే చెరువు. ఆవలో అలలుండవు గదా, డాక్టరు గారూ!” అన్నారాయన. ఆ విధంగా మేము ముగ్గురం కొండకర్ల ఆవకు వెళ్ళాలని నిర్ణయించుకొన్నాము.

కొండకర్ల ఆవ అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ప్రాంతంలో ఉన్న పెద్ద మంచినీటి సరస్సు. ఆవ అంటే నీరు నిలిచే పల్లపు నేల. తామరలు, తుంగ, చలికాలంలో దూరదేశాల నుంచి వచ్చే పక్షులు దానికి అందం. అక్కడి మత్స్యకారులు తాటిదుంగలను తొలిచి, రెంటిని జతగా కట్టిన దోనెలలో తిరుగుతారు. రుషికొండ నుంచి అక్కడికి చేరడానికి నగరాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటి, గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా పోవాలి.

తెల్లవారుజామున అయిదున్నరకు బయలుదేరాము. ఏడు గంటలకు ఆవ గట్టున కారు నిలిపి, ఫలాహారపు బుట్టను కారులోనే ఉంచి, రెండు దోనెలలో నీటి మీదకు వెళ్ళాము. ఒక గంట గాలం వేసి, ఎనిమిదిన్నరకు ఒడ్డుకు వచ్చి ఇడ్లీలు తినాలన్నది ఏర్పాటు. మబ్బు పట్టి ఉన్నా వాన లేదు. ముక్కాలు గంటలో ఒక చిన్న కొర్రమేను, రెండు జెల్లలు పడ్డాయి. మా మిత్రుడు మేమిద్దరం కలిసి చేసిన దానికంటె ఎక్కువ పని చేశారు. గాలం విసరడమే కాక, తెడ్డు తీసుకొని దోనెను తామరల మధ్య నుంచి తానే నడిపించారు.

ఎనిమిదింబావుకు గాలి దిక్కు మారింది. తూర్పున నల్లని మబ్బు క్రిందికి దిగింది. మెరుపు కనిపించిన తరువాత నేను అంకెలు లెక్కించాను. పదిహేను అనేలోపున ఉరుము వినిపించింది. శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకండ్లు పడుతుంది. అంటే మెరుపు మాకు అయిదు కిలోమీటర్ల లోపుననే ఉన్నది. మెరుపుకు, ఉరుముకు మధ్య ముప్పై సెకండ్ల కంటె తక్కువ ఉంటే ఆరుబయట ఉండరాదు. అందులోనూ చదునైన నీటి మీద ఎత్తైన వస్తువు మనిషి తలే.

దోనె నడిపే పెద్దాయన నా లెక్క పూర్తయ్యే లోపుననే తెడ్డు తిప్పాడు. “బాబూ, గాలి మారిపోనాది. ఇంక నీటి మీద ఉండకూడదు. దగ్గిర గట్టుకి ఎల్లిపోదాం” అన్నాడు. దగ్గరి గట్టు కారు ఉన్న గట్టు కాదు, దానికి ఎదుటి గట్టు. అక్కడ పొలాలకు నీరు తోడే మోటారు గది ఉంది. సిమెంటు కప్పు గల గది. చెట్టు క్రింద నిలబడడం కంటె అది ఎంతో మేలు. అయిదుగురం అందులోకి చేరేసరికి తడిసి ముద్దయ్యాము.

పిడుగుల విషయంలో మరొక నియమం ఉంది. చివరి ఉరుము వినిపించిన తరువాత ముప్పై నిమిషాలు గడిచే వరకు బయటకు రాకూడదు. ఆ నియమాన్ని మేము పాటించాము. కాని ఉరుములు మా లెక్కను సాగనీయలేదు. ఇరవై నిమిషాలు నిశ్శబ్దంగా ఉండేది, మరల ఉరిమేది. మరల మొదటి నుంచి లెక్క. తొమ్మిది దాటింది, తొమ్మిదింబావు దాటింది. ఫలాహారపు బుట్ట ఆవలి గట్టున కారులో భద్రంగా ఉన్నది.

తొమ్మిదిన్నర ప్రాంతంలో మా మిత్రుడు మాటలు తగ్గించారు. తెలుగు మాష్టారు ఏదో పద్యం గురించి అడిగితే “ఆఁ, షిఫ్టు మారింది” అన్నారు. హాస్యమనుకొని మాష్టారు నవ్వారు. తరువాత ఆయన గాలపు దారాన్ని చేతికి చుట్టుకొంటూ, విప్పుకొంటూ, మరల చుట్టుకొంటూ కూర్చున్నారు. “చలికి బిగిసిపోయారు, పాపం” అని మాష్టారు తన పొడి తువ్వాలు తీసి ఆయన మెడ చుట్టూ కప్పారు.

అప్పుడు దోనె పెద్దాయన మా మిత్రుని నుదురు తువ్వాలు అంచుతో తుడిచి, కొంచెం సేపు చూసి, నా వైపు తిరిగాడు. “బాబూ, సలేస్తే వొణుకొస్తాది గాని సెమటెందుకు పడతాది? తుడిసిన కాడ మళ్ళీ తడొస్తంది” అన్నాడు.

నేను చొక్కా లోపల వీపు మీద చేయి పెట్టి చూశాను. చల్లగా, జిగటగా చెమట కారుతున్నది. నాడి నిమిషానికి 68 మాత్రమే ఉంది. “మీ ఊరేది?” అని అడిగితే ఆయన నా ముఖం వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ ఉదయం అయిదున్నరకు ఆయన తన మాత్ర వేసుకొని, చక్కెర లేని కాఫీ త్రాగి కారెక్కారని తరువాత తెలిసింది. ఆ మాత్రలో గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసి ఉన్నాయి. గుండెకు మెటొప్రొలాల్ అనే మందు కూడా వాడుతున్నారు.

పరీక్ష చేసే సాధనం ఆ గదిలో లేదు. అటువంటప్పుడు పరీక్ష కోసం ఆగకూడదు. చక్కెర వ్యాధికి మందు వాడే మనిషి తబ్బిబ్బు పడుతూ, చెమట పడుతూ ఉంటే చక్కెర తగ్గిందనే భావించి చికిత్స చేయాలి. ఒకవేళ తగ్గకపోయినా నాలుగు చెంచాల చక్కెర వలన కలిగే నష్టం స్వల్పం. తగ్గి ఉంటే చికిత్స చేయకపోవడం వలన మెదడు దెబ్బతినవచ్చు, ప్రాణమే పోవచ్చు.

పెద్దాయన చద్దిమూటలో పెరుగన్నం, ఉల్లిపాయలు, ఒక బెల్లపు ముక్క ఉన్నాయి. మా మిత్రుడు మ్రింగగలరని నిర్ధారించుకొనడానికి మొదట రెండు చెంచాల నీరు త్రాగించాను. పొలమారలేదు. బెల్లాన్ని గిన్నెలో నలిపి, నీటిలో కరిగించి గుక్కగుక్కగా పట్టించాము. పది నిమిషాలు ఏమీ మారలేదు. ఆ పది నిమిషాలు వర్షపు చప్పుడు తప్ప ఆ గదిలో మరే శబ్దమూ లేదు. పన్నెండవ నిమిషంలో ఆయన దారం వైపు చూసి, “ఇది ఎవరు చిక్కు వేశారు?” అని అడిగారు. మాష్టారు కన్నీళ్ళు తుడుచుకొన్నారు. మరికొంత బెల్లపు నీరు, ఆ తరువాత పెద్దాయన పెట్టిన పెరుగన్నం ఆయన చేత తినిపించాము. పది గంటల తరువాత ఉరుములు ఆగి, అరగంట గడిచాక కారు దగ్గరకు చేరాము. కారులోని సాధనంతో పరీక్షిస్తే ఆయన రక్తంలో చక్కెర డెసిలీటరుకు 82 మిల్లీగ్రాములు ఉన్నది. అంత బెల్లం, అంత అన్నం తరువాత 82! ముందు ఎంత ఉండి ఉంటుందో మీరే ఊహించండి.

శరీరంలో ఏమి జరిగింది?

మన మెదడు శరీరపు బరువులో సుమారు రెండు శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే శక్తిలో అయిదవ వంతు అదే వినియోగించుకొంటుంది. దానికి ప్రధానమైన ఇంధనం గ్లూకోజ్. దినానికి సుమారు 120 గ్రాములు కావాలి. మెదడు దానిని నిలువ చేసుకోలేదు. ఎప్పటికప్పుడు రక్తం నుంచి తీసుకోవలసిందే. భోజనానికి, భోజనానికి మధ్య కాలేయం తాను దాచుకొన్న చక్కెరను విడుదల చేస్తూ రక్తంలో మట్టం పడిపోకుండా కాపాడుతుంది. రాత్రి ఉపవాసం తరువాత తెల్లవారేసరికి ఆ నిలువ చాల వరకు తరిగి ఉంటుంది.

ఆరోగ్యవంతులలో రక్తంలో చక్కెర తగ్గగానే క్లోమం ఇన్సులిన్ స్రావాన్ని ఆపివేస్తుంది. కాని గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెంక్లమైడ్ వంటి సల్ఫొనైల్‌యూరియా మందులు రక్తంలో చక్కెర ఎంత ఉన్నదనేది చూడకుండా క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. అన్నం వస్తుందని ఇన్సులిన్ ఎదురుచూస్తున్నది. అన్నం మాత్రం ఆవలి గట్టున ఉన్నది. పైగా తెడ్డు వేసిన కండరాలు తమ పని కోసం మరికొంత గ్లూకోజ్‌ను లాగుకొన్నాయి. వ్యాయామం చేసిన కండరం ఆ పని ఆపిన తరువాత కూడా కొన్ని గంటల పాటు అలా లాగుకొంటూనే ఉంటుంది.

రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటె తగ్గితే జాగ్రత్త పడాలి. 54 కంటె తగ్గితే అది తక్షణ ప్రమాదం. శరీరం రెండు విధాలుగా హెచ్చరిస్తుంది. మొదట ఎడ్రినలిన్ వంటి ఉత్తేజకాల వలన చేతుల వణుకు, గుండెదడ, ఆకలి, ఆందోళన, చెమట కలుగుతాయి. చక్కెర ఇంకా తగ్గితే మెదడుకు ఇంధనం చాలక మాట తడబడడం, అసందర్భంగా మాట్లాడడం, చిరాకు, త్రాగినవానివలె తూలడం, చివరకు మూర్ఛ, అపస్మారకం కలుగుతాయి.

మా మిత్రునిలో మొదటి హెచ్చరికలు ఎందుకు కనిపించలేదు? మెటొప్రొలాల్ వంటి బీటా నిరోధకాలు వణుకును, గుండెదడను అణచివేస్తాయి. చెమటను మాత్రం అణచలేవు. ఎందుకంటే చెమట గ్రంథులను ప్రేరేపించే నాడులు వేరొక రసాయనం ద్వారా పనిచేస్తాయి. అందుచేతనే నాడి 68 ఉండగా చెమట మాత్రం కారింది. పెద్దాయన గమనించినది సరిగ్గా ఈ ఒక్క లక్షణాన్నే. వృద్ధులలోనూ, చిరకాలంగా మధుమేహం ఉన్నవారిలోనూ బీటా నిరోధకాలు లేకుండానే మొదటి హెచ్చరికలు మొద్దుబారవచ్చు. వారిలో తొలి లక్షణం తబ్బిబ్బే కావచ్చు. దానిని చుట్టూ ఉన్నవారు నిద్రమత్తుగా, చలిగా, అలసటగా, కొన్నిసార్లు మద్యం మత్తుగా పొరబడతారు.

చలి కూడా ఈ కథలో పాత్రధారియే. తడి బట్టలకు గాలి తోడైతే, ఉష్ణోగ్రత 24, 25 డిగ్రీలు ఉన్నా శరీరం వేడిని త్వరగా కోల్పోతుంది. వణుకు పుట్టినపుడు కండరాలు చక్కెరను ఖర్చు చేస్తాయి. రక్తంలో చక్కెర బాగా తగ్గితే వణికే శక్తే తగ్గి శరీరం మరింత చల్లబడుతుంది. చేపల వేటకు వెళ్ళినవారు వెచ్చదనం కోసమని మద్యం త్రాగడం మనకు తెలిసిన విషయమే. మద్యం చర్మంలోని రక్తనాళాలను విప్పార్చి శరీరపు వేడిని బయటకు పోనిస్తుంది. కాలేయం క్రొత్తగా చక్కెరను తయారు చేయడాన్ని కూడా అది అడ్డుకొంటుంది. ఈ మందులు వాడేవారు పరగడుపున మద్యం త్రాగితే రెండు విధాలా నష్టపోతారు.

ఈ మందుల పుట్టుకలోనే ఈ ప్రమాదం ఉన్నది

సల్ఫొనైల్‌యూరియాల చరిత్ర ఒకసారి వినండి. 1942లో ఫ్రాన్సులోని మోంపెలియే నగరంలో మార్సెల్ జాన్‌బోన్ అనే వైద్యుడు టైఫాయిడ్ రోగులకు ఒక క్రొత్త సల్ఫా మందు ఇచ్చి పరీక్షించాడు. కొందరు రోగులు మూర్ఛలకు, అపస్మారకానికి లోనయ్యారు. కొందరు మరణించారు. కారణం రక్తంలో చక్కెర విపరీతంగా తగ్గడమని తేలింది. అదే నగరంలోని ఒగ్యూస్ట్ లూబాతియేర్ ఆ మందును కుక్కలపై పరిశోధించి, అది క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తున్నదని నిరూపించాడు. ఆ పరిశోధన నుంచి నేటి మాత్రలు వచ్చాయి. అంటే చక్కెరను ప్రమాదకరంగా తగ్గించడమనేది ఈ మందులకు తరువాత అంటిన దోషం కాదు. వాటిని కనుగొన్నదే ఆ గుణం వలన. ఇంత చౌకగా, ఇంత సమర్థంగా పనిచేసే మాత్రలను నేను నిందించడం లేదు. వాటితో పాటు అన్నం కూడా మందులో భాగమని మాత్రమే చెబుతున్నాను.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో చక్కెర ఇలా పడిపోవడం అరుదు. గ్లిప్టిన్లు, గ్లిఫ్లొజిన్లు విడిగా వాడినప్పుడు కూడా అరుదే. ప్రమాదం ప్రధానంగా సల్ఫొనైల్‌యూరియాలు, ఇన్సులిన్ వాడేవారికి. ఈనాడు రెండు మూడు మందులు ఒకే మాత్రలో కలిసి వస్తున్నాయి కనుక మీ మాత్రలో ఏమున్నదో మీకు తెలియకపోవచ్చు. ఈ వ్యాసం చదవడం పూర్తి కాగానే మీ మందుల అట్టను వెలుతురులో పట్టుకొని, పేరు క్రింద ఉన్న చిన్న అక్షరాలను చదవండి. గ్లి అనే అక్షరంతో మొదలయ్యే పేరు ఉంటే అది ఏ తరగతి మందో మీ వైద్యుని అడగండి.

చక్కెర తగ్గినప్పుడు ఏమి చేయాలి?

మనిషి స్పృహలో ఉండి మ్రింగగలిగితే 15 నుంచి 20 గ్రాముల గ్లూకోజ్ గాని, చక్కెర గాని నీటిలో కలిపి ఇవ్వాలి. అది సుమారు నాలుగు టీ చెంచాలు. సగం గ్లాసు పళ్ళరసం గాని, చక్కెర గల శీతల పానీయం గాని పనిచేస్తాయి. ‘డయట్’ అని వ్రాసి ఉన్న పానీయాలు పనికిరావు. పాలకోవా, చాక్‌లెట్ వంటివి మొదట ఇవ్వకూడదు. వాటిలోని కొవ్వు చక్కెర రక్తంలో చేరడాన్ని ఆలస్యం చేస్తుంది. పదిహేను నిమిషాలు ఆగి మరల పరీక్షించాలి. 70 దాటకపోతే అంతే మోతాదు మరల ఇవ్వాలి. మట్టం పెరిగిన తరువాత అన్నమో, ఇడ్లీయో, రొట్టెయో తినిపించాలి. అకార్బోజ్, వోగ్లిబోజ్ మందులు వాడేవారిలో మామూలు చక్కెర, బెల్లం త్వరగా పనిచేయవు. వారికి గ్లూకోజ్ పొడియే ఇవ్వాలి.

స్పృహ లేని మనిషి నోటిలో నీరు గాని, చక్కెర గాని, తేనె గాని పోయకూడదు. అది ఊపిరితిత్తులలోకి పోతుంది. ఒక ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే 108కి ఫోను చేయాలి. ఇంట్లో గ్లూకగాన్ సూదిమందు ఉండి, ఇవ్వడం తెలిసినవారుంటే ఇవ్వవచ్చు. ఆసుపత్రిలో సిర ద్వారా గ్లూకోజ్ ఎక్కిస్తారు.

మనిషి కోలుకోగానే ప్రమాదం గడిచిపోయిందని భావించవద్దు. సల్ఫొనైల్‌యూరియాల ప్రభావం ఒక దినం, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో అంతకు మించి కూడా ఉండవచ్చు. బెల్లపు నీటి ప్రభావం రెండు గంటలైనా ఉండదు. అందుచేత మా మిత్రుని తిన్నగా ఆసుపత్రికి తీసుకువెళ్ళి మరునాటి ఉదయం వరకు పరిశీలనలో ఉంచారు. ఆ సాయంత్రం నాలుగు గంటలకు ఆయన చక్కెర మరల 64కు దిగింది. ఆసుపత్రిలో ఉన్నారు కనుక క్షణాలలో సరిచేశారు. ఇంటికి వెళ్ళి అలసటతో పడుకొని ఉంటే అది నిద్ర అనే అందరూ అనుకొనేవారు. చక్కెర తగ్గి కోలుకొన్నవారు వెంటనే వాహనం నడపకూడదు. మట్టం మామూలుకు వచ్చిన తరువాత కూడా మెదడు పూర్తిగా తేరుకొనడానికి ముప్పావు గంట పడుతుంది.

బయలుదేరే ముందు

మాత్రను గడియారంతో కాక కంచంతో జత చేయండి. కంచం ఎదుట లేనిదే ఆ మాత్ర చేతిలోకి తీసుకోవద్దు. ప్రయాణం రోజున ఎక్కడ తింటారో ఖాయంగా తెలియకపోతే మాత్రను వెంట తీసుకువెళ్ళి, ఆహారం లభించినప్పుడే వేసుకోవచ్చునా అని ముందుగానే మీ వైద్యుని అడిగి తెలుసుకోండి. దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ విషయం వేరు. దానిని, ముఖ్యంగా మొదటి రకం మధుమేహం ఉన్నవారు, తమంత తాము మానరాదు.

గ్లూకోజ్ పొడిని చిన్న ప్లాస్టిక్ సంచిలో కట్టి చొక్కా జేబులో ఉంచుకోండి. కారులో కాదు, బుట్టలో కాదు, మీ ఒంటి మీద. పరీక్ష సాధనం కూడా తడవని సంచిలో వెంటనే ఉండాలి. పరీక్షించే ముందు వేలిని కడిగి తుడుచుకోండి. పండు ఒలిచిన వేలికి, బెల్లం నలిపిన వేలికి అంటిన తీపి వలన అంకె ఎక్కువగా కనిపించి మిమ్మల్ని మోసపుచ్చుతుంది. మీతో వచ్చేవారిలో ఒకరికైనా మీకు చక్కెర వ్యాధి ఉన్నదనీ, తడబడితే తీపి ఇవ్వాలనీ చెప్పండి. ఇది దాచుకోవలసిన విషయం కాదు.

డెబ్బై దాటినవారు మరొక విషయం తమ వైద్యునితో మాట్లాడాలి. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బి ఏ1సి పరీక్షలో యువకులకు 7 లోపు ఉండాలంటారు. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు వంటి ఇతర వ్యాధులు కూడా ఉన్న వృద్ధులలో 8 లోపు ఉంటే చాలునని భావిస్తారు. మా మిత్రునికి అది 6.2 ఉండేది. ఆ అంకెను ఆయన అందరికీ గర్వంగా చూపించేవారు. ఆయన వైద్యులు తరువాత గ్లిమిపిరైడ్ మాన్పించి వేరొక మందు వ్రాశారు. ఇప్పుడు 7.3 ఉన్నది. ఆ అంకె ఆయనకు నచ్చలేదు గాని నాకు నచ్చింది.

ఈ జాగ్రత్త చేపల వేటకు మాత్రమే పరిమితం కాదు. కార్తీక సోమవారాలలో నక్షత్రదర్శనం అయ్యే వరకు ఉపవాసం ఉండేవారున్నారు. నాగుల చవితి నాడు చలిమిడితో సరిపెట్టుకొనేవారున్నారు. వనభోజనాలలో పన్నెండింటికన్న విస్తరి మూడింటికి పడుతుంది. తుఫాను వలన రైలు ఏదో చిన్న స్టేషనులో గంటల తరబడి నిలిచిపోతుంది. సింహాచలం గిరిప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచేవారిలో ఎందరు మాత్ర వేసుకొని నడుస్తున్నారో ఎవరికి తెలుసు? ఉపవాసం చేయదలచినవారు పండుగకు వారం ముందే వైద్యుని కలిసి, ఆ రోజు ఏ మాత్ర మానాలో, దేనిని ఎంత తగ్గించాలో వ్రాయించుకోవాలి. ఉపవాసంలో ఉండగా చక్కెర 70 కంటె తగ్గితే ఉపవాసాన్ని విరమించవలసిందే.

నిరుడు దీపావళికి ముందు మరల వెళ్ళాలని మా మిత్రుడు పట్టుపట్టారు. వెళ్ళాము. ఈసారి ఆయన భార్య అయిదు గంటలకే ఉప్మా చేసి, ఆయన తినడం పూర్తయ్యాక మాత్ర ఇచ్చి, గ్లూకోజ్ సంచిని ఆయన జేబులో తానే పెట్టి, జేబుకు పిన్నీసు గుచ్చి పంపారు. మీ ఇంట్లో ఆ పిన్నీసు ఎవరు గుచ్చుతారో ఇప్పుడే నిర్ణయించుకోండి.

(ఈ వ్యాసం అవగాహన కలిగించడానికి మాత్రమే. మందుల మార్పులు మీ వైద్యుని సలహా ప్రకారమే చేసుకోవాలి.)